జెండా నడిచిందే నడక

ఇల్లు, మేడ మీద గది

రేవులో అందరికంటే ఎత్తున కూర్చుని, లారీలంతేసి పెట్టెల్ని అగ్గిపెట్టెల్లా ఎత్తి దించే మా అక్కయ్య గారి సముఖానికి,

ఇక్కడ అమ్మ క్షేమం. నీ కూతురు పిడుగు క్షేమం. నా పరువు ఒక్కటే కొంచెం నలతగా ఉంది. కారణం విన్నవించుకుంటాను.

నువ్వు చిన్నప్పుడు జెండా మోసిన బాలదళం ఉంది చూడు, దాని డ్రిల్ మాస్టారు మోకాలి ఆపరేషన్ చేయించుకుని మంచమెక్కారు. ప్రాంతీయ కవాతు చలికాలంలో ఉంది. జెండా జట్టుని ఎవరు తయారు చేస్తారని దళం పెద్దలు తలలు పట్టుకు కూర్చుంటే, మన అమ్మ లేచి, "మా వాడు డిగ్రీ చదివాడు, ఖాళీగా ఉన్నాడు" అంది. ఈ రెండు అర్హతల్లో వాళ్లు రెండోదాన్నే చూశారని నా గట్టి అనుమానం. మొత్తానికి నా మెడలో ఈల వేశారు.

జెండా గురించి నాకు తెలిసినవి రెండే ముక్కలు. గాలి ఉంటే ఎగురుతుంది, లేకపోతే ఎగరదు. ఈ పాండిత్యంతోనే మొదటి రోజు మైదానంలో దిగాను. జట్టుకి నలుగురు కావాలి. జెండా పట్టేవాళ్లు ఒకరు, అటూ ఇటూ కాపలా ఇద్దరు, వెనక ఒకరు. అసలు జెండాతో ప్రాక్టీసు చేయకూడదట, కాబట్టి తడిగుడ్డ కర్రకి అమ్మ తువ్వాలు కట్టాం. దళం అధ్యక్షుడు చూడ్డానికి వచ్చాడు. పెద్దమనిషి కదా, గౌరవంగా ఉంటుందని కర్రని ఆయన ముందు వంచి నమస్కారం పెట్టించాను. ఆయన చాలా సంతోషించాడు. మంచం మీదున్న మాస్టారికి ఆ వార్త అందిందట, అప్పట్నుంచి ఇంకా లేవలేదు.

ఇక అసలు సంగతి. ఆ సాయంత్రం పిడుగు తువ్వాలు మడతపెడుతూ, "మామయ్యా, జెండా నేను పడతా" అంది. అడగడం కాదు, చెప్పడం. నేను సరే అనలేదు, కాదనీ అనలేదు. డిగ్రీ చదివినవాణ్ణి కదా, "పై అధికారులకు పంపుతాను" అన్నాను. పై అధికారివి నువ్వు. బావ ఓడ మీద ఏ సముద్రంలో ఉన్నాడో తెలియదు కనక, తీర్పు నీదే.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్లో నీతో వాదించి గెలిచినవాడు ఈ వంశంలో పుట్టలేదు. కాగితం మీదైతే కనీసం నా వాక్యం చివరిదాకా వెళ్తుంది.

నీ తమ్ముడు,
తాత్కాలిక సేనాధిపతి


రేవు, కార్మికుల వసతి గది

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియక టీ తాగాను.

అధ్యక్షుడి ముందు జెండా వంచావా? నీ బుర్ర గాలికి పోయిందా? దేశం జెండా ఎవరి ముందూ వంగదు. అధ్యక్షుడైనా అంతే, అతన్ని కన్న తల్లి ఎదురొచ్చినా అంతే. వంగితే దళం జెండా వంగుతుంది, అదీ లెక్క. తువ్వాలే కదా అనకు. తువ్వాలుతో అలవాటైన చెయ్యి జెండాతోనూ అదే చేస్తుంది. రేపే వెళ్లి మాస్టారికి క్షమాపణ చెప్పు. పళ్లు తీసుకెళ్లు.

ఇంకోటి. ఎగరేసేటప్పుడు చకచకా, దించేటప్పుడు నిదానంగా. దించిన గుడ్డ చేతుల్లోకి రావాలి గానీ నేలకి కాదు. చెయ్యి జారి నేలకి తగిలిందనుకో, గగ్గోలు పెట్టి పిల్లల్ని ఏడిపించకు. మట్టి దులిపి, మాసితే ఉతికి, ఆరేసి మళ్లీ ఎగరెయ్. పరువు పోయేది జెండాకి కాదు, చూసుకోకుండా పట్టినవాడికి.

ఇక పిడుగు సంగతి. వద్దు.

కారణం అడుగుతావని తెలుసు. నేను ఆ వరుసలో నడిచినదాన్ని. జనం జెండా వైపు చూస్తారని నువ్వు అనుకుంటావు. చూడరు. ముందు కాళ్ల వైపు చూస్తారు. ఎవరి అడుగు తప్పిందా, ఎవరు వెనకబడ్డారా అని. ఆ కళ్లన్నీ పుట్టుకతోనే ఎడమకాలు పొట్టిగా ఉన్న నా పిల్ల మీద పడటం నాకు ఇష్టం లేదు. ఎవడో ఒకడు నవ్వుతాడు. ఒకడు నవ్వితే పదిమంది నవ్వుతారు. దాన్ని పాటల బృందంలో వేయి. గొంతు బాగుంటుంది.

వద్దన్నానని దానికి చెప్పకు. ఖాళీ లేదని చెప్పు.

అక్క


ఇల్లు, మేడ మీద గది

అక్కయ్య గారి ఆజ్ఞ శిరసావహించి,

మాస్టారికి పళ్లు ఇచ్చాను. ఆయన పళ్లు తిని, నన్ను తిట్టి, మళ్లీ ఇంకో పండు తిన్నారు. "మీ అక్క జెండా పడితే కర్ర కొస మీద పిట్ట వాలినా కదిలేది కాదురా" అన్నారు. నా గురించి కూడా ఒక మాట అన్నారు, అది తపాలాలో పంపదగ్గది కాదు.

జట్టు విశేషాలు. కుడి పక్క పొడుగు అనే కుర్రాడు. వాడి తల మబ్బుల్లో, మనసు అంతకంటే పైన. ఎడమ పక్క బేకరీ వాళ్ల అబ్బాయి, జేబులో ఎప్పుడూ బన్ను ఉంటుంది, అటెన్షన్ అన్నప్పుడల్లా అది నలుగుతుంది. వెనక దర్జీ గారి అమ్మాయి, చాలా బుద్ధిమంతురాలు, ఎవరికీ వినపడకుండా మాట్లాడుతుంది. జెండా పట్టడానికి ఇంకా ఎవర్నీ తేల్చలేదు. పోటీ తీవ్రంగా ఉంది, నాకూ తువ్వాలుకీ మధ్య.

పాటల బృందంలో చేరమని పిడుగుతో అన్నాను. "పాడుతూ కూడా జెండా పట్టొచ్చు కదా" అంది. కుదరదన్నాను. "ఎందుకు?" అంది. నేను డిగ్రీలో చదవని సబ్జెక్టుల్లో ఈ 'ఎందుకు' ఒకటి.

ఇప్పుడు ఒక చిన్న శాస్త్ర సందేహం. పూర్తిగా అమాయకమైన సందేహం, నా మీద ఒట్టు. నలుగురు నడుస్తుంటే అడుగు వేగం ఎవరిది? కుడి పక్కవాడిదా, వెనకవాళ్లదా, బ్యాండుదా, ఈల ఊదేవాడిదా? పొడుగు ఒక అంగ వేస్తే బేకరీ అబ్బాయికి రెండు పడుతున్నాయి. మొన్న జెండా ఒకచోట, కాపలా ఒకచోట, నేను ఇంకోచోట తేలాం. పెద్దలు ఏమంటారో తెలిసినదానివి, వివరంగా రాయి.

తమ్ముడు


రేవు, క్రేన్ గది

తమ్ముడూ,

పైన గాలి ఎక్కువగా ఉందని పని ఆపించారు. కొక్కెం ఊగుతుంటే పెట్టె ఎత్తకూడదు. అందుకే ఇక్కడే కూర్చుని రాస్తున్నా.

నువ్వు అడిగింది చాలామంది పెద్ద దళాల వాళ్లకే తెలియదు. విను. అడుగు జెండాది. జెండా పరిగెత్తదు, జెండా ఎవరికోసమూ ఆగి చూడదు, జెండా ఎవర్నీ అందుకోవడానికి పోదు. పక్కవాళ్లు పొడుగైనా పొట్టైనా, తమ అడుగుని కుదించుకునో సాగదీసుకునో జెండాతో కలవాలి. బ్యాండు వేగంగా కొడితే బ్యాండుదే తప్పు. ఈల ఊదేవాడు మూసుకుని వెనక నిలబడాలి, ఇది నీకే చెప్తున్నా. వరుస కదలాలా, ఆగాలా, ఏ క్షణం తిరగాలో, ఆ మాట కూడా జెండా పట్టిన మనిషి నోటి నుంచే రావాలి. కాపలావాళ్లు కాళ్ల వైపు చూసుకోకూడదు, కంటి చివర నుంచి జెండా పట్టినవాళ్ల భుజం చూడాలి. భుజంలోనే అంతా తెలుస్తుంది. మాస్టారు మాకు ఇదే నేర్పారు: జెండా నడిచిందే నడక.

నేను పట్టినప్పుడు నా ఎడమ పక్కన ఇప్పటి బ్యాంకు మేనేజరు ఉండేవాడు. ఇప్పుడు పెద్ద పొట్ట వేసుకుని తిరుగుతాడు గానీ, అప్పుడు నా భుజం కదిలితే వాడి అడుగు కదిలేది. ఆ రోజు మైదానం మొత్తం నా అడుగు మీద నడిచింది రా. పదమూడేళ్ల పిల్లని. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఈ క్రేన్ ఇంకో అంతస్తు లేచినట్టుంటుంది.

సరే, గాలి తగ్గింది. కింద నుంచి చెయ్యి ఊపుతున్నారు.

అక్క

తా.క. కర్ర అడుగు పెట్టుకునే తోలు గూడు నడుం మీద మరీ కిందికి జారకుండా చూడు. చిన్నపిల్లలకి పట్టీ పొడవవుతుంది.


ఇల్లు, మేడ మీద గది

అక్కా,

ముందుగా కూర్చో. క్రేన్‌లో ఉంటే ఎలాగూ కూర్చునే ఉంటావు. ఏదైనా బరువైనది ఎత్తి ఉంటే దించేసి చదువు.

నీ స్వహస్తాలతో రాసిన శాసనం నా ముందుంది. 'అడుగు జెండాది. పక్కవాళ్లు తమ అడుగుని జెండాతో కలపాలి.' కాబట్టి జెండా పట్టిన మనిషి ఎలా నడిచినా అది తప్పడుగు కాదు. అదే అసలు అడుగు. తప్పితే మిగతావాళ్లే తప్పాలి. ఈ సూత్రం పొట్టి ఎడమకాలు ఉన్నవాళ్లకి వర్తించదని నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. దీపం పెట్టి మరీ వెతికాను.

తిట్టడానికి ఊపిరి తీసుకుంటున్నావని తెలుసు. ఒక్క నిమిషం ఆగి, జరిగింది విను.

నేను దానికోసం ఏమీ చేయలేదు. నిజానికి దానికి ఖాళీ లేదనే చెప్పాను. అది మైదానం గట్టు మీద కూర్చుని రోజూ చూసేది. పోయిన ఆదివారం అందరికీ పరీక్ష పెట్టాను. కర్ర పట్టుకుని మైదానం ఈ చివర్నుంచి ఆ చివరికి నడవాలి, కర్ర కొస కదలకూడదు. పొడుగు పడితే కొస ఆకాశంలో సంతకాలు చేసింది. బేకరీ అబ్బాయి పడితే బన్ను, కర్ర రెండూ వంగాయి. దర్జీ గారి అమ్మాయి బాగానే పట్టింది గానీ, ఆగమని చెప్తే ఆ మాట ఆమెకి తప్ప ఎవరికీ వినపడలేదు. అప్పుడు గట్టు మీద నుంచి మన పిడుగు దిగి వచ్చి, నన్ను అడక్కుండానే కర్ర అందుకుంది.

అక్కా, అది కిందింటి నుంచి మేడ మీదికి అమ్మకి టీ ఎలా తెస్తుందో నీకు తెలుసు. ఒళ్లంతా ఒక పక్కకి ఒరుగుతుంది, పళ్లెం మాత్రం ఒరగదు. పుట్టి నడక నేర్చిన దగ్గర్నుంచి అది చేసే పని అదే, కింద ఎంత ఊగినా పైన నిలబెట్టడం. కర్ర కూడా అంతే. నడుం ఊగింది, భుజం ఊగింది, కొస మాత్రం గోడకి కొట్టిన మేకులా ఉండిపోయింది. చివరికి వెళ్లి, మైదానం మొత్తం వినపడేలా "ఆగు!" అంది. పక్క వీధిలో రిక్షా ఆగిపోయింది.

పిల్లలందరూ నా వైపు చూశారు. నేను ఏం చేయను? దానికంటే బాగా పట్టినవాళ్లని చూపించు, ఇప్పుడే మారుస్తాను.

అనుమతి అడగడం లేదు. ఫలితం ప్రకటిస్తున్నాను. కానీ నువ్వు ఒప్పుకోకుండా అది నడిస్తే, ఆ నడకలో నాకు సంతోషం ఉండదు.

నీ వెధవ తమ్ముడు


రేవు, కార్మికుల వసతి గది

తమ్ముడూ,

అమాయకమైన సందేహం అని ఒట్టు వేశావు. నీ మీద ఒట్టు వేసుకున్నావు కాబట్టి పెద్ద నష్టం లేదులే.

ఉత్తరం అందిన రోజు కోపంతో తినలేదు. మర్నాడు తిన్నాను. మూడో రోజు కొక్కేనికి పెట్టె తగిలించి పైకి ఎత్తుతుంటే, నువ్వు రాసింది గుర్తొచ్చింది. కింద ఊగినా పైన నిలబెట్టడం. నేను ఇక్కడ చేసేదీ అదే కదా అనిపించింది. అప్పుడు కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నేను ఒప్పుకున్నానని అనుకోకు. కానీ కొన్ని మాటలు రాస్తున్నా, అక్షరం తప్పకుండా పాటించు.

జాలితో ఒక్క రోజు కూడా దానికి జెండా ఇవ్వకు. కొస కదిలితే వెంటనే తీసేసుకో, వేరేవాళ్ల దగ్గర తీసుకున్నట్టే. కాలు నొప్పి అంటే కూర్చోబెట్టు, ముద్దు చేయకు. ఎవరైనా "పాపం" అంటే ఆ మనిషిని మైదానం నుంచి పంపించు, అది అమ్మైనా సరే. మొత్తం దూరం నడవాలి, దగ్గరి దారి వద్దు. దాని బూటు ఎడమ అడుగున ఎత్తు వేయిస్తాం చూడు, అది కొత్తది కుట్టించు, పాతది అరిగిపోయి ఉంటుంది.

జనం నవ్వుతారనే భయం నాకు అలాగే ఉంది. అది పోదు. దాన్ని నీకు అప్పజెప్పను, నా దగ్గరే ఉంచుకుంటాను.

అక్క


ఇల్లు, మేడ మీద గది

అక్కా,

కొంప మునిగింది. హాస్యం కాదు. అంటే కొంచెం హాస్యమే, కానీ ఏడుపు వచ్చే రకం.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. బూటు కుట్టించాను. "పాపం" అన్నందుకు అమ్మని గేటు బయట నిలబెట్టాను, ఆ రోజు నాకు భోజనం పెట్టలేదు. పిడుగు అద్భుతంగా నడుస్తోంది. కాపలావాళ్లకి నీ సూత్రమే నేర్పాను. కాళ్లు చూడొద్దు, భుజం చూడండి, భుజం ఎలా కదిలితే అలా కదలండి అని రెండు నెలలుగా నూరి పోశాను. చెప్పింది చెప్పినట్టు చేసే పిల్లలు ఎంత ప్రమాదకరమో నాకు ఇప్పుడే తెలిసింది.

నిన్న మాస్టారు కర్ర ఊతంతో మొదటిసారి మైదానానికి వచ్చారు. జట్టు కదిలింది. నేను ఎప్పుడూ పక్కన పరిగెడుతూ చూసేవాణ్ణి, నిన్న ఆయనతో పాటు ఎదురుగా నిలబడ్డాను. అప్పుడు కనపడింది. పిడుగు ఎడమకాలు వేసి ఒరిగింది. కుడి పక్కన పొడుగు ఒరిగాడు. ఎడమ పక్కన బేకరీ అబ్బాయి ఒరిగాడు. వెనక దర్జీ గారి అమ్మాయి కూడా, చాలా బుద్ధిగా, ఒరిగింది. నలుగురూ నలుగురే! రెండు కాళ్లూ సమానంగా ఉన్న ముగ్గురు పిల్లలు, చక్కగా, ఒకే కొలతతో కుంటుతూ వస్తున్నారు.

మాస్టారు నలుగురినీ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశారు. తర్వాత, "ఒరేయ్ డిగ్రీ, ఏం చేశావురా" అన్నారు.

సరిచేయడానికి చూశాను. "నిటారుగా నడవండి" అంటే పొడుగు కొయ్యబొమ్మలా అయిపోయి అడుగు తప్పాడు. బేకరీ అబ్బాయి, "భుజం చూడమన్నారు కదండీ, ఇప్పుడు ఏం చూడాలి?" అని బిక్కమొహం పెట్టాడు. భుజం చూడకపోతే వరుస చెదిరిపోతోంది, చూస్తే ఒరుగుతున్నారు. వాళ్ల ఒంట్లోకి ఎక్కేసింది. పోయిన వారం బేకరీ అబ్బాయి వాళ్ల నాన్న కొట్టు మూసి వాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడట, కాలికి ఏమైందోనని.

నా భయం నవ్వు కాదు. అంతకంటే పెద్దది. చూసేవాళ్లు, ఈ ముగ్గురూ పిడుగుని వెక్కిరిస్తున్నారనుకుంటారు. పిల్లల మీద అరుస్తారు. పిడుగు ముందే అరుస్తారు. కవాతు రెండు వారాల్లో ఉంది. వేరే కాపలావాళ్లని పెట్టనా? పిడుగుని మార్చనా? నువ్వు చెప్పినట్టు చేస్తాను. ఈసారి అతితెలివి లేదు.

తమ్ముడు


రేవు, కార్మికుల వసతి గది

తమ్ముడూ,

నన్ను అడగొద్దు. మాస్టారినీ అడగొద్దు. జట్టుకి మాట ఇచ్చేది జెండా పట్టిన మనిషి. వెళ్లి దాన్ని అడుగు. ఉన్నదున్నట్టు, దాచకుండా చెప్పి అడుగు. అది ఏమంటే అది.

రాత్రంతా వేరే సలహా రాసి చింపేశాను. ఇదే సరైనది.

అక్క


ఇల్లు, మేడ మీద గది

అక్కయ్య గారికి, విజయ వార్తావహుడైన తమ్ముడు రాయునది:

ముందు నుంచి చెప్తాను, మధ్యలో లేవకు.

నీ మాట ప్రకారం పిడుగుని గట్టు మీద కూర్చోబెట్టి ఉన్నదంతా చెప్పాను. వీళ్లు నీలాగే నడుస్తున్నారు, జనం వెక్కిరింపు అనుకోవచ్చు, ఏం చేద్దాం అన్నాను. అది బూటు లేసు కట్టుకుంటూ విని, "నాకు తెలుసు మామయ్యా" అంది.

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"నెల నుంచి. వెక్కిరిస్తే నవ్వొస్తుంది కదా, వాళ్లకి నవ్వు రావట్లేదు. చెమటలొస్తున్నాయి. వాళ్లు నాతో వస్తున్నారు." తర్వాత మొహం చిట్లించి, "కానీ బేకరీవాడు ఆలస్యంగా ఒరుగుతున్నాడు. అది బాలేదు" అంది.

అంతే. సేనాధిపతి పదవి నాకు ఊడింది. మిగిలిన వారం అదే డ్రిల్ చేయించింది. ముగ్గుర్నీ వరుసలో నిలబెట్టి, "కుంటితే నాలాగా కుంటండి. ఇష్టమొచ్చినట్టు కుంటొద్దు" అని గదమాయించింది. పొడుగు ఎక్కువ ఒరిగితే, "నీకెందుకంత? నాకే అంత లేదు" అంది. మాస్టారు కుర్చీలో కూర్చుని కర్రతో నేల మీద తాళం వేశారు. నేను నీళ్లు అందించాను.

కవాతు రోజు. ఎన్నో దళాలు. ఒక దళం వాళ్ల బూట్లలో మొహం చూసుకోవచ్చు, అలా మెరిపించారు. మా వంతు రాగానే పిడుగు, "జట్టూ, జెండాతో, నడువ్!" అంది. రిక్షాలు దూరంగా ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఈల ఊదేవాడు మూసుకుని వెనక నిలబడాలన్నావు కదా, నిలబడ్డాను. కాబట్టి నేను చూసింది నాలుగు వీపులు మాత్రమే. నాలుగు వీపులూ కలిసి అలలా ఒరిగాయి, కలిసి లేచాయి. నాలుగు తలల పైన జెండా. అది మాత్రం ఒరగలేదు.

బ్యాండు మొదట వేగంగా కొట్టింది. పిడుగు పట్టించుకోలేదు, తన అడుగే తను వేసింది. కాసేపటికి డోలువాడు అయోమయంగా చూసి వేగం తగ్గించాడు. తర్వాత మిగతావాళ్లూ తగ్గించారు. మైదానం మొత్తం దాని అడుగు మీదికి వచ్చింది అక్కా. నీకు ఈ వాక్యం ఎక్కడో రాసినట్టు గుర్తుండొచ్చు.

జనం ఏం చేశారో నాకు కనపడలేదు. మొదట ఏదో గుసగుస వినిపించింది. తర్వాత ఏమీ వినపడలేదు.

దిగాక పెద్దమీసాల పరిశీలకుడు నా దగ్గరికి వచ్చాడు. "ఏ పద్ధతి మార్చ్ అండీ ఇది? నేను ఎక్కడా చూడలేదు" అన్నాడు. నేను గొంతు సవరించుకుని చరిత్ర కల్పించబోతుంటే, పిడుగు అడ్డొచ్చి, "పద్ధతి కాదండీ. నాకు ఒక కాలు పొట్టి. వీళ్లు నా కాపలా" అంది. ఆయన దాని వైపు చూశాడు, ముగ్గురి వైపు చూశాడు, మళ్లీ దాని బూటు వైపు చూశాడు. అటెన్షన్‌లో నిలబడి జెండాకి సెల్యూట్ చేశాడు. అప్పుడు బేకరీ అబ్బాయి జేబులోంచి బన్ను కింద పడింది. ఎవ్వరూ కదలలేదు. అంతటి క్రమశిక్షణ.

మనకి రెండో స్థానం. మొదటిది మెరిసే బూట్ల వాళ్లకి. న్యాయమే, ఆ బూట్లు నిజంగా మెరిశాయి. కానీ సాయంత్రం కుళాయి దగ్గర చూస్తే, ఆ మొదటి స్థానం వాళ్ల కుర్రాళ్లు ఇద్దరు ఒరుగుతూ నడవడం ప్రాక్టీసు చేస్తున్నారు. నేను కొట్లాటకి సిద్ధపడి చేతులు మడిచాను. పిడుగు వెళ్లి వాళ్లని కింద నుంచి పైదాకా చూసి, "కుడి కాదు. ఎడమ" అని సరిదిద్ది వచ్చింది.

ఇంకొకటి. రాత్రి పడుకునే ముందు నీకు ఒక మాట రాయమంది. "అమ్మకి చెప్పు, నేను చూశాను, కానీ తల తిప్పకూడదు కదా." ఏం చూశావే అంటే చెప్పలేదు. నీకు అర్థమవుతుందట. అయిందా?

నీ తమ్ముడు,
జెండాధారి గారి నీళ్ల సరఫరాదారు


రేవు, క్రేన్ గది

తమ్ముడూ,

అర్థమైంది.

నేను అక్కడే ఉన్నాను రా. పూటకి బదులు మనిషిని కుదుర్చుకుని, తెల్లవారుజాము బస్సుకి వచ్చాను. మీకు చెప్పలేదు. చెప్తే అది నాకోసం నడుస్తుంది. జెండా పట్టినవాళ్లు ఎవరికోసమూ నడవకూడదు.

తాడు పక్కన, మలుపు దగ్గర నిలబడ్డాను. నువ్వు వెనక నుంచి చూసినవాడివి, నేను ముందు నుంచి చూసింది రాస్తాను.

మొదట నేను పిల్లని చూడలేదు. జనాన్ని చూశాను, ఎవడు నవ్వుతాడా అని. నా పక్కన భుజాల మీద బిడ్డని ఎత్తుకున్న ఒకాయన ఉన్నాడు. జట్టు మలుపు తిరగ్గానే ఆయన మూతి కదిలింది. నేను పిడికిలి బిగించాను. నిజం చెప్తున్నా, కొట్టేదాన్ని. అప్పుడు ఆయనకి పిల్లల మొహాలు కనపడ్డట్టున్నాయి. పొడుగువాడి నుదుటి మీద చెమట కంట్లోకి కారుతోంది, రెప్ప వేయడం లేదు. ఆ దర్జీ గారి అమ్మాయి పెదవులు లోపల్లోపల లెక్క పెట్టుకుంటున్నాయి. ఆయన మూతి అలాగే ఆగిపోయింది. భుజం మీది బిడ్డని దించి, నేల మీద నిలబెట్టి, తను కూడా నిటారుగా నిలబడ్డాడు. ఆయన్ని చూసి ఆ పక్కవాళ్లు. ఆ తర్వాత నేను ఎవర్నీ చూడలేదు.

కొస చూశాను. కదల్లేదు రా. గాలి ఉంది, గుడ్డ ఎగురుతోంది, కొస మాత్రం కదల్లేదు. నేను పట్టినప్పుడు కూడా ఒకటి రెండుసార్లు కదిలింది. మాస్టారికి చెప్పకు, ఆయన పిట్ట కథ ఆయన్ని చెప్పుకోనీ.

జెండా ముందు నుంచి వెళ్లేటప్పుడు నిలబడి ఊరుకోవాలి, చెయ్యి ఊపకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. నాకు తెలియనిదా? ఎంతమందికి చెప్పి ఉంటాను. కానీ అంత దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి నా మాట వినేలా లేదు, రెండో చేత్తో పట్టుకున్నాను. అది నన్ను చూసింది. కళ్లు ఎదురుగానే ఉన్నాయి, కానీ గడ్డం కొంచెం పైకి లేచింది. మన అమ్మ మొండికేసినప్పుడు లేస్తుందే, ఆ గడ్డం. తల తిప్పలేదు. అడుగు మారలేదు. నా మొహం ముందు నుంచి, నేనెవరో తెలియనట్టు, జెండా పట్టుకుని వెళ్లిపోయింది.

వరుస చెదిరాక వచ్చి ముద్దు పెట్టుకుందామనుకున్నా. బస్సు వెళ్లిపోతుందని వచ్చేశాను. వచ్చే నెల సెలవు పెట్టాను, అప్పుడు వస్తా. బేకరీ అబ్బాయికి బన్ను నేను కొంటా.

ఇక్కడ రేవులో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఒకటే చెప్తున్నాను. నా కూతురు కన్నతల్లిని ఎదురుగా చూసి కూడా పలకరించకుండా వెళ్లిపోయిందని. వాళ్లందరూ నా మీద జాలిపడుతున్నారు.

పడనీ.

అక్క